శుక్లపు ఆపరేషనులో ఏ కటకమును ఎన్నుకొనవలెను?

వయస్సు పైబడిన కొలది కంటిలోని సహజ కటకము తెల్లబడి చూపు మసకబారును. దీనినే జనులు శుక్లమనియు, కంటికి పొర వచ్చెననియు అందురు. సుశ్రుతుడు దీనిని కఫజ లింగనాశముగా వర్ణించి, ఉత్తరతంత్రములో శలాకతో చేయు శస్త్రచికిత్సను విధించెను. కనుక ఆకు పసరులు, తేనె, చుక్కల మందులు శుక్లమును కరిగించునని నమ్మి కాలయాపన చేయరాదు. పసరులు పోసిన నల్లగుడ్డుపై పుండు పడు ప్రమాదము గలదు.

ఆ శలాక చికిత్సలో మసక కటకము పక్కకు తొలగునే గాని, దాని స్థానములో మరొకటి చేరదు. ఈ లోటు తీర్చినవాడు లండన్ వైద్యుడు హెరాల్డ్ రిడ్లీ. యుద్ధవిమానపు ప్లాస్టిక్ పెంకులు గుచ్చుకొన్న పైలట్ల కండ్లు ఆ పదార్థమును సహించుట గమనించి, 1949లో ఆయన తొలి కృత్రిమ కటకమును అమర్చెను. మనదేశములో 1992లో మదురైలో అరోల్యాబ్ నెలకొన్న పిదప, తక్కువ ధరకు కటకములు లభింపసాగెను.

నేడు ముఖ్యముగా మూడు రకములు గలవు.

మోనోఫోకల్: దూరపు చూపు స్పష్టముగా నిచ్చును. చదువుటకు అద్దములు కావలెను. ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితముగా అమర్చునది సాధారణముగా ఇదియే. ఇది తక్కువ రకమని భావింపరాదు.

మల్టీఫోకల్: దూరము, దగ్గర రెండును చూపి అద్దముల అవసరమును తగ్గించును. కాని రాత్రివేళ దీపముల చుట్టు వలయములు కనబడవచ్చును. మధుమేహము వలన కంటి నరపుపొర దెబ్బతిన్నవారికి ఇది సాధారణముగా తగదు.

టోరిక్: నల్లగుడ్డు వంపులో తేడా ఎక్కువగా ఉన్నవారికి ఉపకరించును.

మడత కటకమనగా చిన్న కోత గుండా లోనికి పోవునది. మడత అనునది పైకటకము వంటి వేరొక చూపు రకము కాదు. పై మూడును మడత కటకములుగా లభించును.

ధరను బట్టి గాక పనిని బట్టి ఎన్నుకొనుడు. నర్సంపేట నుండి రాత్రివేళ వరంగల్లుకు బండి నడుపువారికి, చేనులో తిరుగు రైతుకు మోనోఫోకల్ చాలును. మిషను కుట్టువారు, పద్దులు వ్రాయువారు తమ దినచర్యను వైద్యునికి ముందే విన్నవింపవలెను. దగ్గరి చూపునకే పవరు కుదుర్చు వీలును గలదు.

కటకపు పేరు కంటె కొలత ముఖ్యము. కంటి పొడవు కొలతలో 1 మిల్లీమీటరు తప్పిన, అద్దముల నంబరు సుమారు 2.5 మారును. కనుక కొలతలను జాగ్రత్తగా చేయించుకొనుడు. మధుమేహమును, రక్తపోటును ముందుగా అదుపులో నుంచుకొనుడు.

శుక్లము పూర్తిగా ముదురు వరకు వేచియుండనక్కరలేదు. రోజువారీ పనికి చూపు అడ్డము వచ్చినపుడు ఆపరేషను తగును. అటు పిమ్మట వైద్యుడు చెప్పిన చుక్కలే వేయుడు. నొప్పి, ఎరుపు, చూపు తగ్గుట కనబడిన వెంటనే ఆసుపత్రికి వెళ్ళుడు. కటకపు వివరములున్న చీటీని భద్రపరచుకొనుడు. ఆ కటకము జీవితాంతము మీ కంటిలోనే యుండును.