జారుడుబండ నుంచి గుల్మార్గ్ దాకా

వర్ధన్నపేట చుట్టుపక్కల గుట్టల మీద జారుడుబండ ఎక్కి, లాగు వెనక చింపుకొని ఇంట్లో దెబ్బలు తినని పిల్లలు తక్కువ. కాళ్లకు రెండు పొడవాటి పలకలు కట్టుకొని మంచు మీద అదే పని చేస్తే దాని పేరు స్కీయింగ్. 'స్కీ' అన్న మాటకు మూలమైన పాత నార్వే పదానికి అర్థం చీల్చిన కర్ర అని. మనకు ఖర్చు లాగుతో పోయింది, మంచు మీద జారేవాళ్లకు హోటల్ బిల్లు దాకా వచ్చింది!

తెలుగులో గడ్డి మీద మెరిసేదీ మంచే, తెల్లారుజామున ఖమ్మం రోడ్డు మీద బస్సు లైట్లను మింగేదీ మంచే, కశ్మీరులో మోకాలి లోతు పడేదీ మంచే. స్కీ నేర్పేవాళ్లకు మాత్రం ఒక్క మాట చాలదు. పిండిలా రాలిన కొత్త మంచు, పగలు కరిగి రాత్రి గడ్డకట్టిన మంచు, మధ్యాహ్నం ఎండకు నానిన మంచు: ఒక్కోదాని మీద ఒక్కో తీరుగా జారాలి. కొత్తవాళ్లను ఎక్కువ భయపెట్టేది రెండోది. పొద్దున్నే అద్దంలా ఉంటుంది, పడితే బండ మీద పడ్డట్టే.

కశ్మీరులోని గుల్మార్గ్ 2,650 మీటర్ల ఎత్తున ఉంది. వేసవిలో గోల్ఫ్ ఆడే పచ్చిక మైదానమే చలికాలంలో కొత్తవాళ్లకు బడి. వాలు తక్కువ, కాబట్టి పడినా దెబ్బ తక్కువ. అక్కడి తీగమార్గం, అంటే గొండోలా, రెండు అంచెల్లో అఫర్వత్ కొండ దాకా ఎక్కిస్తుంది. పైఅంచె చివర దిగి ఫొటో తీసుకోవచ్చు గానీ, రెండు రోజుల విద్యతో అక్కడి నుంచి జారుతామంటే ఏ శిక్షకుడూ ఒప్పుకోడు. హిమపాతాలు విరుచుకుపడే కొండ అది.

స్కీ బడిలో ముందు నేర్పే పాఠాల్లో ఒకటి ఆగడం. పలకల ముందు కొనలు దగ్గరకు తెచ్చి, వెనక కొనలు దూరంగా పెట్టాలి. పిల్లలకైతే 'పిజ్జా ముక్క' అని చెబుతారు. మన పిల్లలకు నాగలి కర్రు అంటే సరిపోతుంది. దాని ఇంగ్లిషు పేరులోనూ నాగలి ఉంది. భయం వేస్తే ఒళ్లు వెనక్కి వాలుతుంది. అదే తప్పు. పాదాల మీద పట్టు పోయి పలకలు ఇంకా జోరందుకుంటాయి. మోకాళ్లు వంచి ముందుకే వంగాలి. తప్పనిసరిగా పడాల్సి వస్తే పక్కకు పడాలి.

జీన్స్ ప్యాంటుతో వెళ్లకండి. నూలుబట్ట తడిస్తే ఆరదు, ఇగం ఎముకల్లోకి దిగుతుంది. కొత్త మంచు ఎండలో ఎనభై శాతం దాకా వెలుగును తిప్పికొడుతుంది. అందుకే నల్లద్దాలు తప్పనిసరి, గడ్డం కింద కూడా క్రీమ్ రాయాలి. నడినెత్తి ఎండకు అలవాటుపడ్డ వరంగల్ మనిషికి కింది నుంచి ఎండ తగలడం కొత్తే.

ఇంకో చిత్రం. గుల్మార్గ్ ఎత్తున నీళ్లు దాదాపు 91 డిగ్రీలకే మరుగుతాయి, మామూలు గిన్నెలో అన్నం ఆలస్యంగా ఉడుకుతుంది. తొక్కు డబ్బా ఒకటి సంచిలో వేసుకుంటే మంచిది. ఇది శిక్షకుల సలహా కాదు, నాది.

మంచు మీదికి పోవాలంటే మంచు దేశంలోనే పుట్టాలా? నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ కొండెక్కడం మొదలుపెట్టింది మన హైదరాబాద్ దారిలోని భువనగిరి బండ మీద. ఆ తర్వాత డార్జిలింగ్‌లో, లద్దాఖ్‌లో శిక్షణ. 2014 మే 25న పదమూడేళ్ల వయసులో, సాధనపల్లి ఆనంద్ కుమార్‌తో కలిసి టిబెట్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కింది. నేపాల్ వైపు నుంచి పదహారేళ్లు నిండనివాళ్లను అనుమతించరు, అందుకే ఆ దారి.

కశ్మీరులో డిసెంబరు 21 నుంచి నలభై రోజుల గడ్డు చలిని చిల్లై కలాన్ అంటారు. మంచుకు అదే అసలు కాలం, కానీ ఇప్పుడు నమ్మడానికి లేదు: 2024 జనవరిలో గుల్మార్గ్ నేల ఎండిపోయి కనిపించింది, నెలాఖరు దాకా మంచు సరిగ్గా పడలేదు. కాబట్టి ముందే టికెట్లు కొనేసి కూర్చోకండి. సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతర చూసుకొని, గుల్మార్గ్‌లో మంచు పడిందో లేదో కనుక్కొని, ఫిబ్రవరిలో బయలుదేరండి.