రెక్కలు లేని రెక్కల పురుగు



రాత్రివేళ దీపం చుట్టూ తిరిగే పురుగును మన రైతులు రెక్కల పురుగు అంటారు. మరి రెక్కలే లేని రెక్కల పురుగు ఉందంటే నమ్ముతారా? బెంగళూరు పెరళ్లలోనూ, మన సరిహద్దు జిల్లాల తోటల్లోనూ అలాంటివి ఉన్నాయి. వాటిలో రెండు రకాలను సులువుగా గుర్తుపట్టవచ్చు. రెండింటిలోనూ మగదానికి రెక్కలుంటాయి, ఆడదానికే ఉండవు.

మొదటిది సంచి పురుగు. తుమ్మ కొమ్మకో చింత కొమ్మకో చిన్న ఎండుపుల్లల కట్ట వేలాడుతుంటే చెత్త అనుకోకండి. గొంగళిపురుగు తన నోటి దారంతో పుల్లలు అతికించి కట్టుకున్న ఇల్లది. తల మాత్రం బయటపెట్టి ఆకు తింటుంది. ఇంటిని మోసుకుంటూనే నడుస్తుంది. ఎదిగాక సంచిని కొమ్మకు గట్టిగా బిగిస్తుంది. మగది రెక్కలొచ్చి ఎగిరిపోతుంది. ఆడది ఆ సంచిలోనే ఉండి, అందులోనే గుడ్లు పెట్టి, చనిపోతుంది. సంచి కింది కొసన ఖాళీ ప్యూపా తొడుగు పొడుచుకొచ్చి ఉంటే, అది మగది విడిచిపోయిన ఇల్లని గుర్తు.

రెండవది ఆముదం, గులాబీ వంటి మొక్కల మీద కనబడే ఆర్గియా పోస్టికా. దీని గొంగళిపురుగు వీపున బ్రష్షుల్లాంటి నాలుగు కుచ్చులు, తల దగ్గర కొమ్ముల్లాంటి రెండు పొడవైన కుచ్చులు ఉంటాయి. ఒట్టి చేత్తో ముట్టుకోకండి, దురద పుడుతుంది. ఆడది లావుపాటి పొట్టతో తన గూటి మీదనే కూర్చుని, ఆ గూటి మీదనే వందలాది గుడ్లు పెడుతుంది.

కదలని ఆడదానికి జత ఎలా దొరుకుతుంది? వాసనతో. పట్టుపురుగు గుడ్లు తయారుచేసే కేంద్రాలలో ఈ వింత చూడవచ్చు. ఆడ చిలుక కూర్చున్నచోటికే మగది రెక్కలు కొట్టుకుంటూ వస్తుంది. ఆ వాసన పదార్థం ఏమిటో 1959లో జర్మనీ శాస్త్రవేత్త బుటెనాంట్ తేల్చి, బాంబికాల్ అని పేరు పెట్టాడు. రెక్కలకు ఖర్చు కావలసిన పోషణ మన పెరటి ఆడపురుగులో గుడ్లకు చేరుతుంది. పుట్టిన పిల్లలు దారాలకు వేలాడి, గాలివాటున పక్క చెట్లకు చేరతాయి.

ఇక్కడే మనకు పనికివచ్చే సంగతి ఉంది. తల్లి ఎగరలేదు కనుక ఆ గూడు, ఆ సంచి తీసేస్తే వందల పురుగులను ఆపినట్లే. ఆకు పలచబడినప్పుడు చెట్టంతా వెతకండి. సంచిని కత్తెరతో కోయండి. కొమ్మను బిగించిన దారపు కట్టునూ తీసేయండి, లేకుంటే కొమ్మ ఎండవచ్చు. కోసినవాటిని నేల మీద పారేయక సబ్బునీళ్లలో ముంచండి.

మందు కొట్టాలని మాత్రం తొందరపడకండి. కోలారు, చిక్కబళ్లాపురం, హిందూపురం ప్రాంతాలలో పెరటి పక్కనే మల్బరీ తోట ఉంటుంది. గాలికి కొట్టుకొచ్చిన మందు పడిన ఆకు మేస్తే పట్టుపురుగులు చస్తాయి. సంచి పురుగుల మీద గుడ్లు పెట్టి వాటిని అదుపులో ఉంచే చిన్న కందిరీగలూ పోతాయి. ఒక కత్తెరతో తీరే పనికి పొరుగువాడి పంట ఎందుకు పోగొట్టాలి?