గచ్చిబౌలిలో ఫుట్‌బాల్: ముందు వరుస సీటు మేలేనా?

హైదరాబాద్ గచ్చిబౌలిలోని జి.ఎం.సి. బాలయోగి అథ్లెటిక్ స్టేడియం అంతర్జాతీయ ఫుట్‌బాల్ పోటీలకూ వేదికైంది. 2024 సెప్టెంబరులో ఇంటర్‌కాంటినెంటల్ కప్, నవంబరు 18న భారత్–మలేసియా పోటీ ఇక్కడే జరిగాయి.

మైదానం చుట్టూ పరుగుపందేల ట్రాక్ ఉన్నందున ప్రేక్షకులకు, ఆటకు మధ్య దూరం ఎక్కువ. గోల్ వెనుక సీట్ల నుంచి అది మరింత పెరుగుతుంది. అందువల్ల ముందు వరుస కన్నా, మధ్యగీతకు ఎదురుగా కాస్త ఎత్తులో ఉన్న సీటే మేలు. ఇరు జట్ల కదలికలూ అక్కడి నుంచి స్పష్టంగా కనిపిస్తాయి. సాయంత్రం పోటీలకు పడమటి వైపు కూర్చుంటే ఎండ కళ్లలో పడదు.

మెట్రోలో వచ్చేవారు నాగోల్ మార్గంలోని చివరి స్టేషన్ రాయదుర్గంలో దిగి, ఆటోలోగానీ బస్సులోగానీ స్టేడియం చేరుకోవచ్చు. పోటీ ముగిసేసరికి రాత్రవుతుంది కనుక చివరి రైలు వేళను ముందే తెలుసుకోవడం మంచిది.