చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్తున్నారా? కామారెడ్డి, ఎల్లారెడ్డి వాళ్లు ముందు ఇవి తెలుసుకోండి

కామారెడ్డి, ఎల్లారెడ్డి నుంచి హైదరాబాద్ వెళ్లినవాళ్లలో చాలామంది చార్మినార్ చూసి, లాడ్ బజార్‌లో గాజులు కొనుక్కుని తిరిగొచ్చేస్తారు. అక్కడికి నడిచి వెళ్లేంత దూరంలోనే నిజాంలు దర్బార్ నడిపిన చౌమహల్లా ప్యాలెస్ ఉంది. ఇప్పుడది మ్యూజియం. టికెట్ కొంటే చాలు, ఎవరైనా లోపలికి వెళ్లొచ్చు.

ఆ పేరెందుకు?

పర్షియన్‌లో 'చహార్' అంటే నాలుగు, 'మహలాత్' అంటే మహళ్లు. అఫ్జల్, మహ్తాబ్, తహ్నియత్, అఫ్తాబ్... ఇవే ఆ నాలుగు. 18వ శతాబ్దంలో సలాబత్ జంగ్ కాలంలో పనులు మొదలైతే, ఐదో నిజాం అఫ్జల్ ఉద్దౌలా హయాంలో (1857–1869) పూర్తయ్యాయి.

ఏం చూడాలి?

మొదట ఖిల్వత్ ముబారక్. ఇదే దర్బార్ హాల్. పాలరాతి వేదిక, పైన 19 బెల్జియం షాండ్లియర్లు కళ్లు తిప్పుకోనివ్వవు. 1967లో ముకర్రం జాను ఎనిమిదో నిజాంగా ప్రకటించింది కూడా ఈ ప్యాలెస్‌లోనే. పాత కార్ల విభాగంలో 1912 నాటి పసుపు రంగు రోల్స్ రాయిస్ ఉంది.

ఎలా నిలబడింది?

ఒకప్పుడు ఇది 45 ఎకరాలు. ఇప్పుడు మిగిలింది అందులో మూడో వంతు కంటే తక్కువే. ఏళ్ల తరబడి పట్టించుకోక పాడైన భవనాలకు 2000 తర్వాత ప్రిన్సెస్ ఎస్రా చొరవతో మరమ్మతులు జరిగాయి. 2005లో జనానికి తలుపులు తెరిచారు. 2010లో యునెస్కో ఆసియా-పసిఫిక్ మెరిట్ అవార్డు వచ్చింది.

మన జిల్లాకూ అదే అవార్డు

కామారెడ్డి జిల్లాలోని దోమకొండ కోటకు 2022లో ఇదే మెరిట్ అవార్డు దక్కింది. ఈ సంగతి జిల్లాలోనే చాలామందికి తెలీదు. గడీ అనగానే తెలంగాణ పల్లెల్లో పాతతరానికి వెట్టిచాకిరీ గుర్తొస్తుంది. మరి ఆ గోడల్ని ఎందుకు కాపాడాలి? అవి కూలిపోతే దొరల వైభవమే కాదు, వాటిని కట్టిన కూలీల పనితనం, వాటి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డవాళ్ల చరిత్ర కూడా కంటికి కనిపించకుండా పోతుంది. ఒకప్పుడు గేటు దాటలేని వాళ్ల మనవళ్లు ఇప్పుడు లోపల తిరిగి చూడగలగడమే అసలు మార్పు.

ఎలా వెళ్లాలి?

కామారెడ్డి నుంచి కాచిగూడకు రైళ్లున్నాయి, అక్కడి నుంచి ఆటోలో వెళ్లొచ్చు. ఎల్లారెడ్డికి రైలు లేదు, బస్సులో కామారెడ్డి వచ్చి రైలెక్కాలి. మ్యూజియం సాధారణంగా ఉదయం 10 నుంచి సాయంత్రం 5 వరకు ఉంటుంది. శుక్రవారం సెలవు, మర్చిపోవద్దు. దోమకొండ కోట ప్రైవేట్ ఆస్తి కాబట్టి, లోపలికి అనుమతి ఉందో లేదో ముందే కనుక్కుని బయల్దేరండి.