తలెత్తి చూశాకే... గొడ్డలెత్తాలి!

తొలకరికి ముందు ఈదురుగాలి మొదలైందంటే చాలు... తాండూరు వాడల్లో అందరి చూపూ ఇంటి పక్కనున్న వేపచెట్టు మీదే. ఓవైపు కరెంటు తీగ, మరోవైపు పొరుగింటి గోడ, కింద నాపరాయి బండల కప్పు. ఏ కొమ్మ విరిగి ఎటు పడుతుందోనని భయం. 'కొట్టేద్దాం' అనుకోవడం తేలికే. పద్ధతి తెలియకుండా కొడితే మాత్రం, గాలి చేయని నష్టం మన గొడ్డలే చేస్తుంది!

తీగ ఉంటే తొందరొద్దు

కొమ్మల్లోంచి తీగ పోతుంటే ముందు విద్యుత్తు సిబ్బందికి చెప్పాలి. 1912కి ఫోన్ చేయొచ్చు. వాళ్లు సరఫరా ఆపి 'లైన్ క్లియర్' అనేదాకా చెట్టెక్కకూడదు. ఇంట్లో ఫ్యూజు తీస్తే సరిపోదు, వీధి తీగలో కరెంటు అలాగే ఉంటుంది. పచ్చికొమ్మలోనూ తడిసిన తాడులోనూ కూడా అది పారుతుందని మరవొద్దు.

కొమ్మకు మూడు కోతలు

బరువైన కొమ్మను పైనుంచి ఒకే కోతలో తెంచాలని చూస్తే, సగంలోనే విరిగి మాను బెరడును చీల్చుకుంటూ జారుతుంది. చెట్టెక్కిన మనిషి మీదికే ఊగొచ్చు. అందుకే మూడు కోతలు. మొదటిది మానుకు అడుగు దూరంలో, కిందినుంచి పావువంతు లోతుకు. రెండోది దానికి కాస్త బయటగా, పైనుంచి పూర్తిగా. మిగిలిన మోడును మూడో కోతతో తీసేయాలి. కొమ్మ పుట్టిన చోట ఉబ్బెత్తుగా ఉండే భాగాన్ని మాత్రం ముట్టొద్దు. గాయం మానేది అక్కణ్నుంచే.

కింద ఇంటి కప్పు ఉంటే కొమ్మకు ముందే మోకు కట్టాలి. దాన్ని పైనున్న గట్టి పంగలోంచి తెచ్చి, మాను మొదట్లో రెండు చుట్లు తిప్పి మెల్లగా వదలాలి. తాడును చేతికో, నడుముకో చుట్టుకుంటే కొమ్మతోపాటు మనిషినీ లాగేస్తుంది!

పడే దారి ముందే తేలాలి

చెట్టు ఎత్తుకు మించిన ఖాళీ జాగా లేకపోతే మొదలు నరకొద్దు. పైనుంచి ముక్కలుగా దించుకుంటూ రావాలి. జాగా ఉంటే, చెట్టు పడాల్సిన వైపు మాను మందంలో అయిదోవంతు లోతుకు గాటు పెట్టాలి. తర్వాత వెనకనుంచి, గాటుకు కాస్త ఎగువన కోయాలి. రెండు కోతలూ కలవకూడదు. మధ్యలో పదోవంతు మందం వదిలితే అది తలుపు బందులా పనిచేసి చెట్టును అనుకున్న వైపు వాలుస్తుంది. వాలడం మొదలవగానే నేరుగా వెనక్కి కాదు, ఏటవాలుగా దూరం జరగాలి. మిగతావాళ్లు ముందునుంచే చెట్టు ఎత్తుకు రెట్టింపు దూరంలో ఉండాలి. తొర్ర పడిన, పుచ్చిన, బాగా ఒరిగిన చెట్లను మాత్రం చేయి తిరిగినవాళ్లకే వదిలేయండి.

కొట్టక తప్పదా?

కొన్ని రకాలకు తప్ప, సొంత పెరట్లో చెట్టయినా కొట్టాలంటే 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి కావాలి. వికారాబాద్, తాండూరు నుంచి హైదరాబాద్ వెళ్లేవాళ్లకు చేవెళ్ల దారి మర్రిచెట్లు తెలియనివి కావు. రోడ్డు విస్తరణకు అడ్డొచ్చిన ఆ సుమారు 900 చెట్ల వ్యవహారం జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. నీడ విలువ అలాంటిది మరి! మన వాకిట్లో చెట్టయినా అంతే. ఒక్క కొమ్మ తీస్తే తీరే భయానికి మొత్తం చెట్టునే బలివ్వడం ఎందుకు? కోత ఒక పూట పని... నీడ మళ్లీ రావాలంటే ఒక తరం ఆగాలి.