బ్యాలెట్టు... దుప్పటంత!

పోలింగ్ కేంద్రంలో చేతికో కాగితం ఇస్తారు. మడతలు విప్పుతూ పోతే బల్లంతా పరుచుకుంటుంది. ఇంటి ప్లానో, దేశపటమో అనుకునేరు... అది ఓటు చీటీ! దానిమీదున్న వందలాది పేర్లలోంచి నచ్చినదాన్ని వెతుక్కుని, పక్కనున్న సున్నాలో ఎర్ర పెన్సిల్‌తో రంగు నింపాలి. నెదర్లాండ్స్ ఓటర్లకు ఇది మామూలే. 2021లో అక్కడి పార్లమెంటు దిగువసభకు 37 పార్టీలు పోటీచేస్తే 17 పార్టీలు సభలో అడుగుపెట్టాయి. ఇంతకీ ఆ సభలో మొత్తం సీట్లెన్నో తెలుసా... 150!

ఏ ఓటూ వృథా కాదు

మన దగ్గర నియోజకవర్గంలో ఒక్క ఓటు ఎక్కువొచ్చినా గెలుపే. ఓడినవారికి పడ్డ లక్షల ఓట్లు లెక్కలోకి రావు. డచ్చివారు 1918 నుంచీ ఆ పద్ధతి వదిలేశారు. దేశం మొత్తమ్మీద ఒక పార్టీకి ఎన్ని ఓట్లొస్తే ఆ నిష్పత్తిలోనే సీట్లు. జర్మనీలోలా అయిదు శాతం దాటాలన్న నిబంధన కూడా లేదు. సుమారు 70 వేల ఓట్లు తెచ్చుకుంటే చాలు, ఒక సీటు ఖాయం.

అందుకే అక్కడ ఎవరి మాట వినిపించడానికి వారికో పార్టీ ఉంది. మూగజీవాల తరఫున పుట్టిన 'జంతువుల పార్టీ' 2006లో రెండు సీట్లు గెలిచింది. ఒక దేశ పార్లమెంటులోకి అలాంటి పార్టీ వెళ్లడం ప్రపంచంలో అదే మొదటిసారి. యాభై ఏళ్లు దాటినవారికో పార్టీ, రైతులకో పార్టీ... 1918లో పుట్టిన ఎస్‌జీపీ అనే క్రైస్తవ పార్టీ ఇప్పటికీ రెండు మూడు సీట్లతో కొనసాగుతూనే ఉంది. గీర్ట్ వైల్డర్స్ పార్టీది మరీ విచిత్రం. 2023లో 37 సీట్లతో అన్నిటికన్నా పెద్ద పార్టీగా నిలిచినప్పుడు కూడా దాని అధికారిక సభ్యుడు ఒక్కరే... ఆయనే!

299 రోజుల చర్చలు

సభలో మెజారిటీ అంటే 76 మంది మద్దతు. ఈ పద్ధతి వచ్చాక ఏ ఒక్క పార్టీకీ సొంతంగా అంత బలం రాలేదు. 2025 అక్టోబరు ఎన్నికల్లో మొదటి స్థానంలో నిలిచిన డి66కి దక్కినవి 26 సీట్లే. కాబట్టి ఓట్ల లెక్కింపు పూర్తయ్యాకే అసలు కథ మొదలవుతుంది. ఎవరితో ఎవరికి పొసగుతుందో తేల్చడానికి సభ ఒక మధ్యవర్తిని నియమిస్తుంది. పన్నుల దగ్గర్నుంచి పాడి పశువుల దాకా ప్రతిదీ చర్చించి, ఒప్పందం రాసుకుంటారు. 2021 మార్చిలో ఎన్నికలైతే 2022 జనవరికి గానీ మంత్రివర్గం కొలువుదీరలేదు. 299 రోజులు! తీరా చూస్తే పాత సర్కారులోని నాలుగు పార్టీలే, ప్రధాని కూడా పాత మార్క్ రుట్టేనే.

ఇద్దరు ఎంపీల పట్టుదల

ఆ పాత సర్కారు ఎందుకు రాజీనామా చేసిందో తెలిస్తే చిన్న పార్టీల విలువ అర్థమవుతుంది. పిల్లల సంరక్షణకిచ్చే భత్యాన్ని మోసంతో తీసుకున్నారంటూ పన్నుల శాఖ వేల కుటుంబాలపై తప్పుడు ముద్ర వేసింది. తీసుకున్నదంతా తిరిగి కట్టమంది. చిన్న చిన్న పొరపాట్లకూ వేల యూరోల అప్పు నెత్తిన పడి ఎన్నో ఇళ్లు చితికిపోయాయి. వారిలో వలసవచ్చిన కుటుంబాలే ఎక్కువ. ఆ గోడు విన్నది ఇద్దరు ఎంపీలు. ప్రతిపక్షంలోని చిన్న సోషలిస్టు పార్టీకి చెందిన రెన్‌స్కె లైటెన్ ఒకరు. రెండోవారు పీటర్ ఓమ్‌ట్‌సిగ్ట్, ఆయనది అధికార కూటమే! ఏళ్ల తరబడి ప్రశ్నలడిగి నిజం బయటకు లాగారు. 2021 జనవరిలో మంత్రివర్గమంతా రాజీనామా చేయాల్సివచ్చింది.

ఆ పేరుతోనే ఓమ్‌ట్‌సిగ్ట్ 2023 ఆగస్టులో సొంత పార్టీ పెట్టారు. మూడు నెలల్లోనే 20 సీట్లు! కానీ సంకీర్ణంలో చేరాక ఆ పార్టీ చిక్కుల్లో పడింది. 2025 ఏప్రిల్లో ఆయన రాజకీయాలకే దూరమయ్యారు. అదే ఏడాది అక్టోబరులో ఆ పార్టీకి వచ్చిన సీట్లు... సున్నా.

కొత్తవారికి తలుపు తెరవడమే కాదు, మాట నిలుపుకోలేదనిపిస్తే బయటికి పంపడమూ డచ్చి ఓటరుకు తెలుసు. రెండు పనులకూ వాడేది అదే ఎర్ర పెన్సిల్!