పిలిస్తే పలికే బొమ్మలు

ఈజిప్టు అనగానే అందరికీ మమ్మీలే గుర్తొస్తాయి. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియంలో ఒకటుంది, మీలో చాలామంది చూసే ఉంటారు. లండన్ వచ్చాక నాకు మమ్మీల మీద మోజు తగ్గింది. వాటి పక్కన అద్దాల బీరువాల్లో వరసగా నిలబెట్టి ఉండే జానెడు బొమ్మల మీదకి మళ్ళింది. వాటిని షబ్తీలంటారు. తర్వాతి కాలంలో ఉషెబ్తీలన్నారు. ఆ మాటకి అర్థం ‘పలికేవాడు’. పిలిస్తే పలికేవాడన్నమాట.

ఎవరు పిలుస్తారు, ఎందుకు పలకాలి? ఈజిప్టువాళ్ళ పరలోకంలో కూడా పొలాలున్నాయి. దున్నాలి, కాలవల్లో నీళ్ళు పారించాలి, ఇసక మొయ్యాలి. బతికుండగా రాజు పిలిస్తే వెట్టికి పోవాల్సిందే. ఉన్నవాళ్ళు తమ బదులు ఇంకొకణ్ణి పంపేవారు. చచ్చాక దేవుళ్ళు వెట్టికి పిలిస్తే? అప్పటికీ ఒక బదిలీ మనిషి కావాలి కదా! మృతుల గ్రంథంలో 6వ అధ్యాయమంతా ఈ ఏర్పాటే: ఈ మనిషిని పనికి పిలిచినప్పుడు, ఓ బొమ్మా, నేనున్నానని నువ్వు పలకాలి. బొమ్మల ఒంటి మీద అడ్డంగా గీసిన వరసల్లో చాలాసార్లు ఉండేది ఈ మంత్రమే. చేతుల్లో పార, పలుగు, వీపున గింజల సంచి.

మొదట్లో, అంటే నాలుగువేల ఏళ్ళ కిందట, మైనంతో చేసిన చిన్న బొమ్మకి గుడ్డ చుట్టి, బుల్లి శవపేటికలో పెట్టేవారు. తర్వాత ఒకటీ రెండూ కాస్తా వందలయ్యాయి. టుటన్‌ఖామూన్ సమాధిలో 413 దొరికాయి: రోజుకొకడు చొప్పున 365 మంది, పదిమందికొకడు చొప్పున 36 మంది మేస్త్రీలు, నెలకొకడు చొప్పున 12 మంది పెద్ద మేస్త్రీలు. తర్వాతి కాలపు మేస్త్రీ బొమ్మ చేతిలో పార ఉండదు, కొరడా ఉంటుంది. పరలోకంలో కూడా ఆ కొరడా తప్పలేదు చూడండి. ఈజిప్టునేలిన నూబియా రాజు తహార్కా అయితే సూడాన్‌లోని నూరి పిరమిడ్‌లో 1070 బొమ్మలు పెట్టించుకున్నాడు, అన్నీ రాతివే.

చెక్క, సున్నపురాయి, కాల్చిన మట్టి, అరుదుగా కంచు కూడా వాడారు. కానీ షబ్తీ అనగానే కళ్ళముందు మెదిలేది ఆ నీలం. దాని పేరు ఫాయెన్స్. ఇటలీలోని ఫాయెంజా అనే ఊరి కుండల మీదుగా వచ్చిన తప్పు పేరది. ఈజిప్టువాళ్ళ మాటకి ‘మెరిసేది’ అని అర్థం. చూడ్డానికి పింగాణీలా ఉంటుంది గానీ అందులో బంకమట్టి లేదు. పలుగురాయినో ఇసకనో మెత్తగా నూరి, కాస్త సున్నం, సోడా ఉప్పు, రంగు కోసం రాగి కలిపి, నీళ్ళతో ముద్ద చేసి మట్టి అచ్చులో ఒత్తుతారు. బంకమట్టిలాగా చెప్పినమాట వినదు, విరిగిపోతుంది. ఆరేకొద్దీ లోపలి ఉప్పు, పాతగోడలకి పేరినట్టు, పైకొచ్చి తెల్లగా పేరుకుంటుంది. కొలిమిలో పెడితే ఆ ఉప్పు పొరే కరిగి నీలం గాజవుతుంది. అంటే మెరుగు బయటినుంచి పూసింది కాదు, లోపల్నించి ఊరింది. ఆరుతున్నప్పుడు ఎవరి చెయ్యైనా తగిలి ఉప్పు రాలిపోతే, కాల్చాక అక్కడ మెరుపుండదు. అలాంటి బోసిమచ్చ కనబడితే నేను కాసేపు అక్కడే ఆగిపోతాను.

డబ్బులేనివాళ్ళకి ఎండబెట్టిన మట్టిబొమ్మలే గతి. వేలితో నొక్కిన ముఖం, రాత కూడా ఉండదు. నిజం చెప్పాలంటే టుటన్‌ఖామూన్ బంగారు పూతల కన్నా నాకు అవే నచ్చుతాయి.

అన్నిటికన్నా విడ్డూరం, ఈ బొమ్మలకి రసీదు దొరకడం. బ్రిటిష్ మ్యూజియంలో 10800 నంబరు పపైరస్ అది, సుమారు మూడువేల ఏళ్ళ నాటిది. అమున్ గుడిలో తాయెత్తులు చేసే పెద్ద పనివాడు పదిఖోన్స్. ఒక పూజారి చనిపోయిన తన తండ్రి ఇహాఫీ కోసం అతని దగ్గర 401 షబ్తీలు కొన్నాడు: 365 మంది కూలీలు, 36 మంది మేస్త్రీలు. వెండి ముట్టింది, వీళ్ళంతా దాసదాసీలు అని పదిఖోన్స్ రాసిచ్చాడు. అక్కడితో ఆగలేదు. బొమ్మల వైపు తిరిగి, త్వరగా వెళ్ళండి, ఇహాఫీ ఎప్పుడు పిలిచినా పలకండి అని వాటికీ చెప్పాడు. ఒకప్పుడు యజమాని పోలికతో, యజమాని బదులుగా నిలబడ్డ బొమ్మ ఇక్కడికొచ్చేసరికి కొనుక్కున్న బానిసైపోయింది.

అంతకుముందే రెండో పినెజెమ్ భార్య నెస్‌ఖోన్స్ చనిపోయినప్పుడు ఏకంగా అమున్ దేవుడి పేరుతో ఆజ్ఞే వెలువడింది. చెక్కపలకల మీద రాశారు. ఒకటి బ్రిటిష్ మ్యూజియంలో, ఒకటి లూవ్‌ర్‌లో ఉన్నాయి. దాని సారాంశం: షబ్తీలు చేసిన ఫాయెన్స్ పనివాళ్ళకి చెల్లించిందంతా షబ్తీల కూలి కిందే లెక్క, కాబట్టి అవి ఆమె బదులు పని చేసితీరాలి. కూలి ఇవ్వకపోతే బొమ్మ కూడా పనికి రాదేమోనని వాళ్ళకి భయం. ఆమె సమాధి 1881లో బయటపడింది. ఆ కూలీలిప్పుడు ఎన్నో దేశాల మ్యూజియాల్లో చెల్లాచెదురుగా నిలబడి ఉన్నారు.